తీగ నుంచి అంకె దాకా: ఓ.బి. వ్యానులో శబ్దం నడిచిన దారి



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు రెండు నెలలుగా ఫోను చేస్తున్నారు. "నాకు వైర్లు కలపడమే గాని వ్యాసాలు రాయడం రాదండీ" అన్నాను. "ఆ వైర్ల సంగతే రాయండి. మనం ఏం పని చేసేవాళ్లమో మన పిల్లలకే తెలియదు" అన్నారు. నిజమే. మొన్న మా మనవడు క్రికెట్ చూస్తూ, "తాతయ్యా, నువ్వు టీవీ వాళ్లలో పనిచేశావు కదా, ఒక్కసారైనా కనిపించలేదేం?" అని అడిగాడు. కనిపించని పని గురించే ఈ నాలుగు మాటలు.

నేను చదువుకునే రోజుల్లో శ్రీరామనవమి వస్తే మా వీధిలో రేడియో ఉన్న ఇళ్లన్నీ నిండిపోయేవి. భద్రాచలం కల్యాణానికి ఆకాశవాణిలో ఉషశ్రీ గారు వ్యాఖ్యానం చెబుతుంటే, వింటున్నవాళ్లకు పందిరీ పెళ్లిపీటలూ కళ్ల ముందు కనబడేవి. ఆ గొంతును అందరూ మెచ్చుకునేవారు. ఆ గొంతు గోదావరి ఒడ్డు నుంచి మా ఇంటికి ఎలా వచ్చిందని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. ఎందుకో నాకు ఆ ప్రశ్నే పట్టుకుంది. 1979లో ఉద్యోగంలో చేరాక ఓ.బి., అంటే బయటి ప్రసారాల విభాగంలో పడ్డాను. 2016లో పదవీ విరమణ చేసేదాకా శబ్దమే నాకు అన్నం పెట్టింది.

కేబుళ్ల కాలం

ఓ.బి. వ్యాను అంటే చక్రాల మీద ఉన్న స్టూడియో. బొమ్మ సంగతి చూసేవాళ్లు ఒక అరలో, ధ్వని సంగతి చూసేవాళ్లం ఇంకో అరలో కూర్చునేవాళ్లం. మైదానంలోనో మండపంలోనో పెట్టిన ప్రతి మైకు నుంచీ ఒక తీగ మా వ్యాను దాకా రావాలి. తీగ అంటే ఒట్టి తీగ కాదు. లోపల రెండు తీగలుంటాయి. ఒకే శబ్దాన్ని ఒకదానిలో నిటారుగా, రెండోదానిలో తలకిందులుగా పంపుతాం. దారిలో కరెంటు హోరు తగిలితే రెండింటికీ ఒకేలా తగులుతుంది. వ్యాను చేరాక ఒకదానిలోంచి ఇంకొకదాన్ని తీసేస్తే హోరు పోతుంది, మాట మిగులుతుంది. లైట్ల సెట్టింగుల మధ్య, జనరేటర్ల పక్కన అంత దూరం నుంచి మాట శుభ్రంగా వచ్చిందంటే కారణం ఈ చిన్న ఉపాయమే.

ఇలాంటి జతలు ఇరవై, పాతిక కలిపి చేసిన లావుపాటి కేబులును మల్టీకోర్ అనేవాళ్లం. డ్రమ్ముకు చుట్టిన ఒక మల్టీకోర్‌ను దింపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఉదయం ప్రసారమైతే రాత్రే పరవాలి. జనం తొక్కకుండా, ఎలుక కొరకకుండా, వాన తడపకుండా కాపలా కాయాలి.

వ్యాను లోపల జాక్ ఫీల్డ్ ఉండేది. ఇత్తడి రంధ్రాల వరుసలున్న పలక అది. పై వరుసలో వచ్చే శబ్దాలు, కింది వరుసలో పోయే దారులు. ఏ మైకు ఏ ఫేడరుకు పోవాలో, ఏ మిశ్రమం ఎవరికి వెళ్లాలో పొట్టి ప్యాచ్ కార్డులతో కలిపేవాళ్లం. కార్యక్రమం మొదలయ్యేసరికి ఆ పలక సాలెగూడులా ఉండేది. కాని ఏదైనా తేడా వస్తే వేలితో తడుముకుంటూ పోయి పట్టుకోవచ్చు. లోపం చేతికి దొరికేది.

అన్నిటికన్నా చిక్కు వ్యాఖ్యాతల చెవులది. భూస్థిర ఉపగ్రహం సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మాట అక్కడికి వెళ్లి కిందికి దిగేసరికి పావు సెకను పడుతుంది. తన మాట తనకే పావు సెకను ఆలస్యంగా చెవిలో పడితే ఎంతటి వ్యాఖ్యాతకైనా నాలుక తడబడుతుంది. అందుకని ప్రతి ఒక్కరికీ వాళ్ల సొంత గొంతు తీసేసి, మిగిలినదంతా కలిపి విడిగా పంపాలి. దాన్ని మిక్స్ మైనస్ అనేవాళ్లం. పాత మిక్సర్‌లో అలాంటివి రెండో మూడో చేయగలిగేవాళ్లం. నలుగురు వ్యాఖ్యాతలూ ఒక దుబాసీ వచ్చారంటే మాకు చెమటలు పట్టేవి.

అంకెలు వచ్చాయి

శబ్దాన్ని అంకెలుగా మార్చవచ్చన్న ఆలోచన కంప్యూటర్లకన్నా పాతది. అలెక్ రీవ్స్ అనే బ్రిటిష్ ఇంజనీరు పారిస్‌లో పనిచేస్తూ 1937లో ఆ పద్ధతిని ఊహించాడు. అప్పటి వాల్వులతో దాన్ని చౌకగా అమలు చేయడం సాధ్యం కాలేదు. ట్రాన్సిస్టర్లు వచ్చాక దారి దొరికింది. 1972లో బి.బి.సి. వారు స్టూడియోల నుంచి ట్రాన్స్‌మిటర్లకు 13 చానళ్ల శబ్దాన్ని అంకెల రూపంలో పంపడం మొదలుపెట్టారు. 1982లో కాంపాక్ట్ డిస్క్ బజారులోకి వచ్చింది. మన దేశంలో ఢిల్లీ ఏషియాడ్‌తో రంగుల టీవీ వ్యాపించిన సంవత్సరమూ అదే.

పద్ధతి చెప్పడం తేలికే. సెకనుకు 48 వేల సార్లు శబ్దం ఎత్తు కొలుస్తాం. ప్రతి కొలతనూ ఒక అంకెగా రాసుకుంటాం. అంకెకు హోరు అంటుకోదు. వంద మీటర్లు వెళ్లినా, పది సార్లు నకలు తీసినా మొదటి అంకే ఆఖరి అంకె.

1985లో ఎ.ఇ.ఎస్. 3 అనే ప్రమాణం వచ్చింది. ఒకే జత తీగ మీద రెండు చానళ్లు పంపే విధానమది. 1991లో మ్యాడీ అనే మరో ప్రమాణం వచ్చింది. ఇంగ్లండుకు చెందిన నీవ్, సాలిడ్ స్టేట్ లాజిక్, జపానుకు చెందిన సోనీ, మిత్సుబిషి కలిసి తయారుచేసిన పద్ధతి అది. వేలు లావున్న ఒకే ఒక కేబులు మీద 56 చానళ్లు పోతాయి. తరువాత వాటిని 64 చేశారు. ఆప్టికల్ ఫైబర్ మీదనైతే కిలోమీటరు దాటినా ఇబ్బంది లేదు. రెండు మల్టీకోర్ డ్రమ్ములు మోసిన భుజాలకు ఆ వార్త ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి.

ఇక జాక్ ఫీల్డ్ సంగతి. నూరు శబ్దాలు లోపలికి వస్తూ నూరు చోట్లకు పోవాలంటే, పాత పద్ధతిలో 10,000 కూడళ్లు కావాలి. ప్రతి కూడలికీ ఒక స్విచ్చి. అంకెల పద్ధతిలో ఈ బాధ లేదు. మనలో రైల్వే మెయిల్ సర్వీసు బోగీ చూసినవాళ్లు ఉంటారు. గళ్లగళ్ల అల్మారాలో ఉత్తరాలు ఊరి ప్రకారం వేస్తూ ఉండేవారు. డిజిటల్ రౌటర్ చేసే పని కూడా అదే. సెకనులో 48 వేలవ వంతు కాలంలో నూరు చానళ్ల అంకెలనూ నూరు గళ్లలో వేస్తుంది. ఏ దారికి ఏ అంకె కావాలో ఆ గడిలోంచి చదివి పంపుతుంది. ఉత్తరానికీ అంకెకూ తేడా ఒకటుంది. ఉత్తరం ఒకరికే చేరుతుంది. గడిలోని అంకెను ఎందరికైనా చదివి వినిపించవచ్చు. వ్యాఖ్యాతలు ఎందరున్నా ఎవరి మిక్స్ మైనస్ వాళ్లకు ఇవ్వడం ఇలాంటి మిక్సర్లతో మంచినీళ్ల ప్రాయమైంది.

ఇంగ్లండులో యార్క్‌షైర్ కొండల మధ్య హెబ్డెన్ బ్రిడ్జ్ అనే చిన్న ఊరిలోని కాల్‌రెక్, స్విట్జర్లండులో జ్యూరిక్ దగ్గరి స్టూడర్, జర్మనీలో రాస్టాట్ పట్టణంలోని లావో వంటి కంపెనీల కన్సోళ్లు 2000 తరువాత ఓ.బి. వ్యానుల్లోకి జోరుగా వచ్చాయి. మైదానంలో ఒక పెట్టె, వ్యానులో ఒక కన్సోల్, మధ్యలో ఒక ఫైబర్. మైకును అక్కడే అంకెలుగా మార్చేయడం, ఏ మైకు ఏ ఫేడరుకు రావాలో తెర మీద ఒక మీటతో చెప్పడం మొదలైంది. హెచ్.డి. టెలివిజన్, సరౌండ్ సౌండ్ వచ్చేసరికి ఈ మార్పు విలాసం కాదు, తప్పనిసరి అయింది. ఎడమ కుడి అనే రెండు దారులు ఉన్నచోట ఆరు దారులు కావలసి వచ్చాయి. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలు హెచ్.డి.లో ప్రసారమయ్యేనాటికి పాత ప్యాచ్ కార్డుల పద్ధతిలో అంత పని ఊహించలేం.

రెండు సెకన్లకో టిక్కు

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 2004 జనవరి. ఒక పట్టణంలో సంగీతోత్సవం, ప్రత్యక్ష ప్రసారం. డిజిటల్ మిక్సర్ మా చేతికొచ్చి ఏడాది కూడా కాలేదు. ధ్వనికి మా వ్యాను, బొమ్మకు మరో పెద్ద వ్యాను. మా మిక్సర్ నుంచి ఆ వ్యానుకు డిజిటల్ కేబులు వేశాం. "హలో, ఒకటి, రెండు, మూడు" అని మైకులన్నీ పరీక్షించాం. అంతా బాగుంది.

ప్రసారానికి నలభై నిమిషాల ముందు కళాకారులు వేదిక మీదికి వచ్చి తంబురా శ్రుతి చేసుకున్నారు. అప్పుడు వినిపించింది. టిక్కు. కాసేపాగి మళ్లీ టిక్కు. మాటల్లో కలిసిపోయిన ఆ చప్పుడు, తంబురా నాదం మీద తెల్లపంచె మీద సిరాచుక్కలా తేలింది.

నేను పాత అలవాటుతో కేబుళ్ల మీద పడ్డాను. ఒకటి మార్చాను, రెండోది మార్చాను. మైకు మార్చాను. మీటర్లన్నీ సరిగ్గా చూపిస్తున్నాయి. అవతలి వ్యాను వాళ్లు లోపం మాదంటున్నారు, మేము వాళ్లదంటున్నాం. జాక్ ఫీల్డ్ ఉంటే వేలితో తడుముకునేవాణ్ని. ఇక్కడ తడమడానికి ఏమీ లేదు. చెయ్యి ఆడలేదు.

మాతో ఇరవై ఏళ్లుగా కేబుళ్లు మోసే పెద్దాయన ఒకాయన ఉండేవారు. రోజుకూలీ. మల్టీకోర్ చుట్టడంలో ఆయనంతటివాళ్లు లేరు. ఒక్క మెలిక పడనిచ్చేవారు కాదు. వాళ్ల ఊళ్లో భజన బృందంలో తాళాలు వాయించేవారు. వ్యాను మెట్టు మీద కూర్చుని తొడ మీద చేత్తో కొట్టుకుంటూ వింటున్నారు. "సార్, ఇది తాళానికి పడతాంది. తెగిన తీగైతే ఇష్టమొచ్చినట్టు గరగరమంటది గాని, తాళమెయ్యదు" అన్నారు.

గడియారం పెట్టి చూశాను. కచ్చితంగా రెండు సెకన్లకో టిక్కు. అప్పుడు బుర్ర వెలిగింది. కొలతలు తీయడానికి డిజిటల్ యంత్రంలో ఒక గడియారం ఉంటుంది. మా మిక్సర్ తన సొంత గడియారం మీద నడుస్తోంది. అవతలి వ్యాను తన గడియారం మీద నడుస్తోంది. రెండూ సెకనుకు 48 వేలే. కాని రెండు స్ఫటికాలు లక్షకు ఒక పాలు తేడాగా నడిచినా సెకనుకు దాదాపు అర కొలత తేడా వస్తుంది. రెండు సెకన్లకు ఒక కొలత జారిపోతుంది. ఆ జారుడే టిక్కు. మృదంగం వాయించేవాడు ఒక కాలప్రమాణంలో, పాడేవాడు మరో కాలప్రమాణంలో ఉంటే కచేరీ ఏమవుతుందో ఇదీ అంతే. ఎవరి తప్పూ లేదు, ఇద్దరికీ తాళం కలవలేదు.

అవతలి వ్యాను నుంచి సింక్ సంకేతం తెచ్చి మా మిక్సర్‌కు ఇచ్చి, సొంత గడియారం మానుకొని దీన్ని అనుసరించమని మీట నొక్కాను. టిక్కు పోయింది. ప్రసారానికి ఇంకా పదకొండు నిమిషాలుంది. పుస్తకంలో మొదటి అధ్యాయంలోనే ఉన్న సంగతి అది. చదివాను, చేయడం మరిచాను. తప్పు యంత్రానిది కాదు, నాది.

పోయినవి, వచ్చినవి

డిజిటల్ మీద నాకు కోపం లేదు. అది చేసిన మేలు నేను కళ్లారా చూశాను. అయితే ప్రతి సుఖం వెనకా ఒక కొత్త జాగ్రత్త వచ్చింది. పాత రోజుల్లో ఒక తీగ తెగితే ఒక మైకు పోయేది. ఇప్పుడు ఒక ఫైబరు తెగితే అరవై మైకులు ఒక్కసారే పోతాయి. అందుకని రెండు ఫైబర్లు రెండు వేర్వేరు దారుల్లో వేస్తారు. పవర్ సప్లైలు, లెక్కలు చేసే కార్డులు జంటగా పెడతారు. పాత మిక్సర్‌కు కరెంటు పోయి వస్తే అప్పటికప్పుడు పలికేది. మా మొదటి డిజిటల్ మిక్సర్ నిద్ర లేవడానికి ఒకటి రెండు నిమిషాలు తీసుకునేది. ప్రత్యక్ష ప్రసారంలో ఒక నిమిషం నిశ్శబ్దమంటే ఒక యుగం.

మరో సంగతి ఆలస్యం. అంకెలుగా మార్చడానికీ, లెక్కలు కట్టడానికీ కాస్త కాలం పడుతుంది. బొమ్మకు ఇంకా ఎక్కువ పడుతుంది. రెండూ కలవకపోతే పెదవి ఒకటి, మాట ఒకటి అవుతుంది. 1998లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ దీనికి కొలతలు చెప్పింది. శబ్దం బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తే చూసేవాడు పట్టేస్తాడు. వెనకబడితే మాత్రం 125 దాకా పట్టించుకోడు. ఈ తేడా ఎందుకని మా కుర్రవాళ్లు అడిగితే నేను చాకిరేవు ఉదాహరణ చెప్పేవాణ్ని. దూరాన ఏటి ఒడ్డున బట్ట బండకు తగలడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తరువాత వినిపిస్తుంది. పుట్టినప్పటి నుంచీ మన చెవికి అదే అలవాటు. దెబ్బకన్నా ముందు చప్పుడు వినిపించడం లోకంలో లేదు.

నేను రిటైరయ్యే నాటికే మరో మార్పు మొదలైంది. ఆఫీసు కంప్యూటర్లను కలిపే నెట్‌వర్కు మీదే శబ్దాన్ని పంపడం. 1996లో కోబ్రానెట్ దీనికి దారి వేసింది. ఆస్ట్రేలియాలో 2006లో ఏర్పడిన ఆడినేట్ కంపెనీ డాంటే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. ఒక్కో కంపెనీదీ ఒక్కో భాష కావడంతో, అన్నీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి 2013లో ఎ.ఇ.ఎస్. 67 అనే ప్రమాణం వచ్చింది. 2017లో బొమ్మనూ ధ్వనినీ కలిపి నెట్‌వర్కు మీద పంపే ఎస్.టి. 2110 ప్రమాణం వచ్చింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు చాలా దేశాల్లో ఆట ఒక ఊళ్లో, వ్యాఖ్యాత తన ఇంట్లో, మిక్సర్ ఇంకో నగరంలో ఉండి పనిచేశారంటే ఈ మార్పుల వల్లనే. ఇన్ని యంత్రాలకూ తాళం వేసే గడియారం కూడా ఆ నెట్‌వర్కులోనే ప్రయాణిస్తుంది. మైక్రోసెకను లోపు తేడాతో అందరినీ కలిపి ఉంచుతుంది. నా దగ్గర పని నేర్చుకున్న ఒకబ్బాయి మొన్న తన కొత్త వ్యాను చూపించాడు. "మీ రోజుల్లోంచి ఏం మిగిలింది సార్?" అన్నాడు. "ముందు గడియారం చూడు, తరువాతే కేబులు చూడు. ప్రసారానికి ముందు తంబురా విను" అన్నాను.

ఒక మనవి

ఫైబరు వచ్చాక పది మంది మోసిన బరువు ఇద్దరు మోయగలిగారు. మంచిదే. మిగతా ఎనిమిది మంది ఏమయ్యారో చరిత్ర రాసేటప్పుడు అదీ రాయాలి. మా పెద్దాయనను ఒకరోజు, "ఇక కబురు చేస్తే రండి" అన్నారు. ఆ కబురు మళ్లీ వెళ్లలేదు. నేనూ ఆ ఆఫీసులోనే ఉన్నాను. గట్టిగా అడగలేదు. నాకు అప్పుడు ప్రమోషన్ ఫైలు నడుస్తోంది. ఇన్నాళ్లకు ఒప్పుకుంటున్నాను.

ఆయన ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నారు. మోకాళ్లు పనిచేయడం లేదు. ఇరవై ఏళ్లకు పైగా ప్రతి ప్రసారానికీ కేబులు వేసిన మనిషికి సర్వీసు పుస్తకం లేదు, పింఛను లేదు. మన సంఘంలో సభ్యత్వానికి అర్హత కూడా లేదు. నియమావళి ప్రకారం అది సరే. కాని మనం ఏటా పెట్టుకునే వైద్య శిబిరానికి ఇలాంటివారిని కూడా పిలవవచ్చునని, సంక్షేమ నిధిలోంచి కొంత వారికి కేటాయించవచ్చునని నా మనవి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం నేను ప్రవేశపెడతాను. బలపరచవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాను. మొదటి విడతగా నా ఒక నెల పింఛను కోశాధికారి గారికి అందజేశాను.

మీలో ఎవరికైనా మీ మీ విభాగాల్లో ఇలా పనిచేసినవాళ్లు గుర్తుంటే వారి వివరాలు కార్యాలయానికి తెలియజేయండి.